ఏదొచ్చినా

మంత్రసానితనం ఒప్పుకున్నాక
బిడ్డొచ్చినా పట్టాలి, ఇంకేదొచ్చినా పట్టాలి.
మా జేజి ఎలీశమ్మ నోట ఇది సామెత కాదు,
చేసిన పనికి హాజరుపట్టీ.

కందుకూరు ఏరియా ఆసుపత్రి, రాత్రి డ్యూటీ.
మొదట వచ్చింది ఉమ్మనీరు,
కాలవ తూము ఎత్తినట్టు, నా చెప్పుల మీద.
తర్వాత వచ్చింది తిట్టు:
"తిరుపాలూ, నీ బ్యారన్ తగలబడ!"
పొన్నలూరు పిల్ల. ఆధార్‌లో మాలకొండమ్మ, ఇంట్లో మౌనిక.
ఆ తర్వాత వచ్చింది చీటీ,
అత్త ఆదెమ్మ రైకలోంచి, చెమటకి తడిసి:
పొద్దున పది నలభై రెండు.
"పంతులు రాసిచ్చాడు మే.
ఆ గడియకి కోపిచ్చండి, మీకు పుణ్యముంటాది."

చీటీ చదివి, కడుపు మీద చెయ్యేశా.
రాయిలా బిగిసింది. మెల్లగా వదిలింది.
లోపలున్నోళ్లకి ఇంకా చదువు రాదు.

మంచం ఎక్కించలా. వరండాలో నడిపించా.
నొప్పి వచ్చినప్పుడు నడుం కింద నా అరచేతి మడమ,
నొప్పి పోయినప్పుడు గుక్కెడు మజ్జిగ.
రెండింటికి, గోడకి నుదురానించి
"కోసెయ్యండక్కా, నా వల్ల కాదు" అంది.
మాట్లాడింది మౌనికా, నొప్పా?
తేల్చుకోడానికి మూడు నొప్పులు ఆగా.
మూడోది దాటినాక అడిగా, "ఇప్పుడు కూడానా?"
"నీళ్లియ్యి" అంది.

తలుపు బయట తిరుపాలు,
వేళ్లకి పొగాకు జిగురు, కళ్లకి వారం నిద్ర బాకీ.
ఎవరూ అడక్కుండానే చెప్పాడు:
"ఆకు రంగు తిరక్కముందే మంట ఎగదోస్తే
కమిలిపోద్ది మేడం.
గంటగంటకీ లేచి చూసుకోవాల.
ముట్టుకోకుండా చూసుకోవాల."
ఏడాదిన్నర శిక్షణలో
నాకింత పొట్టిగా ఎవరూ చెప్పలా.

అట్టని ఆగడమే అన్నిటికీ మందు కాదు.
మొన్న మంగళారం, గుడ్లూరు నస్రీన్.
నొప్పి పోయినా బిడ్డ గుండె పైకి లేవలా.
గుర్రం పరుగు లాంటి చప్పుడు
ఎడ్లబండి నడకైంది.
ఆరోజు మజ్జిగ లేదు, వరండా లేదు.
డాక్టరమ్మను లేపా,
థియేటర్ దీపం కింద నస్రీన్ చెయ్యి పట్టుకున్నా.
టైముకి వస్తే కత్తి కూడా ఒక చెయ్యే.

జేజికి ఆ కత్తి అందలా.
ఆ ఆడోళ్ల పేర్లు చెప్పేది కాదు.
సమాధుల పండక్కి మాత్రం
మా ఇంటి సమాధుల కన్నా
ఎక్కువ కొవ్వొత్తులు కొనేది.

మూడు దాటింది.
మౌనిక మోకాళ్ల మీద, దిండు కొరుకుతా.
జుట్టు కనపడింది, ఎనక్కి పోయింది, మళ్లీ కనపడింది.
"ముక్కొద్దు, దీపం ఆర్పినట్టు ఊదు" అన్నా.
ఊదింది.
ఆడపిల్ల. ఒంటి నిండా తెల్లటి జిడ్డు, వెన్న పూసినట్టు.
నా చేతుల్లోకి, అక్కణ్ణించి నేరుగా తల్లి రొమ్ముల మధ్యకి.
బొడ్డుతాడు కొట్టుకోవడం మానేదాకా కొయ్యలా.
మాయ దాని టైముకి అది వచ్చింది.

"టైమెంత?" తలుపు సందులో ఆదెమ్మ.
"మూడూ పదిహేడు."
చీటీ ఎనకమాల రాసుకుంది.
పంతులికి పంపించి, దీనికీ
ఏదో ఒక మంచి చెప్పించుకుంటాది.

మా జేజి దొడ్డిదారిన పోయేది.
కానుపు చేసి, గుడ్డలుతికి, మాయ పాతిపెట్టి
చేటెడు జొన్నలు, ఒక పాత కోక తెచ్చుకునేది.
పురుడు తీరినాక ఆ బిడ్డను ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు,
ఊరందరినీ ఈ లోకంలో
మొట్టమొదట తాకిన చేతుల్ని.

ఆదెమ్మ ఫ్లాస్కు తీసింది.
పేపర్ కప్పు కోసం సంచంతా ఎతికింది. లేదు.
చేతిలో మూత. ఆమె తాగిన తడి ఇంకా ఆరలా.
ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్యంత సేపు
ఆగింది.
దాన్నే నింపి, చాపింది.

కాలిపోతా ఉంది టీ.
రెండు చేతుల్తో పట్టుకున్నా.